రెండుసార్లు పోయిన మాస్టారు

ఫిజిక్స్ మాస్టారు పోయారన్న మాట నేను వినడం ఇది రెండోసారి.

ఈసారి ఆ మాట తెచ్చింది ఆయన వీధిలో పాలు పోసే ఆవిడ. ముసురు పట్టిన ఉదయం. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి కొట్టు తలుపులు తీస్తున్నాను. ఆవిడ పాలక్యాను మెట్టు మీద దించి, "అమ్మా, మేస్టారు కుర్సీలో కూకున్నోరు కూకున్నట్టే ఉండిపోనారు. పిలిత్తే పలకలేదు. సెయ్యి ముట్టుకుంటే సల్లగా ఉంది" అంది.

"సరిగ్గా చూశావా?" అన్నాను. అలాంటి కబురు విన్నవాళ్ళు ఎవరూ అడగని ప్రశ్న అది. ఆవిడకి మాత్రం వింతగా అనిపించలేదు.

"సూశానమ్మా. ఈపాలి నిజమే" అంది.

ఈ మాట మీకు అర్థం కావాలంటే మొదటిసారి సంగతి చెప్పాలి.

నేను పెళ్ళయి శృంగవరపుకోట నుంచి ఘాట్ రోడ్డెక్కి అరకు వచ్చిన కొత్త. మా ఆయనది కిరాణా కొట్టు. శుక్రవారం సంత రోజున కొండ ఊళ్ళవాళ్ళు పసుపు, చింతపండు తెచ్చి అమ్ముకుని, ఉప్పూ నూనే కొనుక్కుని వెళ్ళేవారు. అలాంటి ఒక శుక్రవారం సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి, "బెలూన్లున్నాయా అమ్మా? కొవ్వొత్తులు, దారపుండ కూడా కావాలి" అన్నారు. అప్పటికే కొట్టు ముందు ఒక కొండావిడ చంటిపిల్లని వీపున కట్టుకుని నిలబడి ఉంది. ఆయన్ని చూడగానే పక్కకి జరిగి, పిల్ల ముఖం మీద కొంగు కప్పేసింది. ఆయన అది చూశారు. చూడనట్టు ఉండిపోయారు. సరుకు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆయన మలుపు తిరిగాక ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఆ బాబుకి సేతికి ఇయ్యకమ్మా. కింద పెట్టు, ఆయనే తీసుకుంటాడు" అంది.

"ఎందుకూ?"

"సచ్చిపోనాడు. మా పక్కూరోడే. ఆల ఊర్లో రాయి కూడా ఏసేసినారు."

మా ఆయన్ని అడిగితే, "సచ్చినోడు బెలూన్లు కొంటాడేటే? కాలేజీలో ఫిజిక్స్ సెప్తాడు. అదో కతలే" అని నవ్వేశాడు. ఆ కథ మాత్రం నవ్వేది కాదు. మాస్టారు కుర్రతనంలో ప్రభుత్వం స్కాలర్‌షిప్పు ఇస్తే ఫిజిక్స్ చదవడానికి రష్యా వెళ్ళారు. ఉత్తరాలు రాశారు కానీ, అవి కొండ కింద బడి దాకానే వచ్చేవి. అక్కడ వాటిని చదివిపెట్టే పంతులుకి బదిలీ అయింది. ఏళ్ళు గడిచాయి. ఇంట్లోవాళ్ళు ఇక కొడుకు లేడనుకున్నారు. ఆ ఊళ్ళలో మనిషి పోతే, తర్వాత ఒక రోజు ఆ మనిషి నీడని పిలిచి, అన్నం పెట్టి, ఊరి చివర ఒక రాయి నిలబెడతారు. నీడ అందులో కూర్చుంటుందని వాళ్ళ నమ్మకం. ఆ తర్వాత ఆ పేరు ఎవరూ నోట పలకరు. మాస్టారికీ అలాగే రాయి పెట్టారు. అది పెట్టిన తర్వాత ఆయన డిగ్రీ పట్టుకుని తిరిగొచ్చారు.

తరువాతి వారం ఆయన కొట్టుకి వచ్చినప్పుడు నేను ముందు చూసింది ఆయన పాదాలు. అది ఆయన గమనించారు.

"వేళ్ళు ముందుకే ఉన్నాయమ్మా. నేనూ రోజూ చూసుకుంటాను" అన్నారు.

సిగ్గుతో తల దించుకుని, అడిగినదానికంటే ఎక్కువ బెలూన్లు కట్టి ఇచ్చాను. చేతికే ఇచ్చాను. మా స్నేహం అలా మొదలైంది.

ఆయనకి ఒక అలవాటుండేది. ఎవరేం చెప్పినా "యూనిట్లు?" అని అడిగేవారు. మా ఆయన "ఈ ఏడు వాన బాగా కొట్టింది మాస్టారూ" అంటే, "బాగా అంటే ఎంత? యూనిట్లు చెప్పు" అనేవారు. నేను "ఒంట్లో బాలేదు" అంటే థర్మామీటరు తెచ్చేవారు. పక్కన యూనిట్లు రాయకపోతే అది జవాబే కాదని పిల్లలకి చెప్పి చెప్పి, సంతలో బేరమాడినా ఆ మాటే వచ్చేది. సంతలో ఆయనకి ఎదురుపడే కొండవాళ్ళు మాత్రం ఎప్పుడూ ఒక అడుగు వెనక్కి వేసేవారు. ఆయనా వాళ్ళకి దారి వదిలి నడిచేవారు. అందులో కోపం ఉండేది కాదు. వానలో గొడుగు వేసుకున్నంత మామూలుగా ఉండేది.

నాకు మాత్రం మనసు ఆగేది కాదు. మా పురోహితుడిగారిని అడిగి తెలుసుకుని, ఒకసారి ఆయనతో అన్నాను. "మా వాళ్ళలో ఇలాంటిది జరిగితే దారి ఉందట మాస్టారూ. కర్మ చేసేశాక మనిషి తిరిగొస్తే, మళ్ళీ పుట్టినట్టు లెక్క. జాతకర్మ చేసి, కొత్తగా పేరు పెడతారట."

ఆయన చాలాసేపు నవ్వారు. "బాగుందమ్మా. మరి నా ఉయ్యాల ఎవరు ఊపుతారు?"

నవ్వు ఆగాక మెల్లగా అన్నారు. "మా అమ్మ పోయినప్పుడు పాడె పట్టబోతే ఊరివాళ్ళు ఆపారు. పోయినవాడు పోయినవాళ్ళని మొయ్యకూడదట. దూరంగా వెనక నడిచాను. మళ్ళీ పుట్టినా ఆ రోజు తిరిగి రాదు కదా."

ఆయన పెళ్ళి చేసుకోలేదు. పిల్లని ఎవరిస్తారని నవ్వేవారు. కాలేజీ వెనక వీధిలో చిన్న అద్దె ఇల్లు. ఆ ఇంటి నిండా చదువుకోవడానికి వచ్చే పిల్లలే.

మా అమ్మాయి శ్రావణి ఇంటర్లో ఆయన దగ్గరే చదివింది. ఆయన పాఠం చెప్పే పద్ధతి చూసి నాకు గుండె ఆగినంత పనయిన రోజు ఒకటుంది. డిసెంబరు ఉదయం, చెయ్యి చాపితే చెయ్యి కనపడని మంచు. పిల్లలందరినీ మా కొట్టు ముందు రోడ్డు మీద నిలబెట్టారు. శ్రావణి చేతికి టార్చిలైటు ఇచ్చి, వెలుగు మా వైపు తిప్పి, అడుగులు పైకి లెక్కపెడుతూ వెనక్కి నడవమన్నారు. కాసేపటికి వెలుగు మసకబారింది. తర్వాత అదీ పోయింది. లెక్క మాత్రం వినపడుతూనే ఉంది. అటునుంచి రావాల్సిన గొంతు ఇటునుంచి వస్తున్నట్టుంది. ఒకసారి నా భుజం పక్కనుంచే వచ్చినట్టనిపించి తిరిగి చూశాను. అక్కడ తెల్లదనం తప్ప ఏమీ లేదు. నేను కొట్టు దిగి "శ్రావణీ!" అని పరుగెత్తబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"భయపడకండమ్మా. దారి తప్పింది వెలుగు. మీ అమ్మాయి తప్పలేదు."

అప్పుడు పిల్లల వైపు తిరిగి, "ఆ వెలుగు ఎక్కడికి పోయిందర్రా? బల్బు వెలుగుతూనే ఉంది కదా?" అని అడిగారు. ఎవరూ చెప్పలేదు. శ్రావణి తిరిగొచ్చి ఆ ప్రశ్న విని, ఇక దాన్ని వదలలేదు. మంచులో వెలుగు ఎటెటు చెదిరి పోతుందో, అదే దాని చదువైపోయింది. విశాఖపట్నంలో డిగ్రీ చేసింది. ఈ ఏడు రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి బెంగళూరు, ఒకటి జర్మనీ.

మా ఇంట్లో అన్నం దగ్గర రోజూ అదే గొడవ.

"ఫిజిక్స్ సదవడానికి అంత దూరమెందుకే గుంటా? ఇక్కడ రాయి ఇసిరితే కిందపడదేటి?" అనేవాడు మా ఆయన.

"పడుతుంది నాన్నా. ఎందుకు పడుతుందని అడిగేవాళ్ళు అక్కడ ఎక్కువమంది ఉన్నారు."

"ఇక్కడ నీ మాస్టారు ఉన్నాడు కదా. ఆడొక్కడు సాలడా?"

"ఆయనా వెళ్ళే కదా నేర్చుకున్నారు!"

అక్కడికి వచ్చేసరికి ఇద్దరూ ఆగిపోయేవారు. ఆయన వెళ్ళి ఏం తెచ్చుకున్నారో మాకు తెలుసు. నేను మధ్యలో మాట్లాడేదాన్ని కాదు. సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకునేదాన్ని. పిల్లని ఉంచమని అడగాలో, వెళ్ళనిమ్మని అడగాలో తెలియక, ఊరికే చేతులు జోడించి నిలబడేదాన్ని.

చివరికి శ్రావణి మాస్టారి దగ్గరికే వెళ్ళింది. నేనూ వెళ్ళాను. "సార్, నేను చూడాల్సిన మంచు ఇక్కడుంది. దాన్ని చూసే పరికరం అక్కడుంది. నేనెక్కడ ఉండాలి?" అని అడిగింది.

ఆయన, "ఆదివారం మా ఊరు వెళ్లొద్దాం. మీ అమ్మ కూడా రావాలి" అన్నారు.

ఆయన ఊరు అనంతగిరి వైపు కొండల్లో ఉంది. జీపు ఆగిన చోటు నుంచి కాఫీ తోటల్లో నడవాలి. జల్లు పడి ఆగింది. చెట్ల మీంచి నీళ్ళు ఇంకా రాలుతున్నాయి. ఊళ్ళోకి అడుగు పెట్టగానే ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపేసి, మా వైపు చూసి, ఇళ్ళల్లోకి వెళ్ళిపోయారు. కేక వెయ్యలేదు, పరుగెత్తలేదు. అలవాటైనట్టు వెళ్ళిపోయారు. చివరి పిల్ల తలుపు దగ్గరగా వేసింది.

మాస్టారి అక్కగారు మాకు ఎదురొచ్చింది. ఆయనకంటే పెద్దది, అయినా నిటారుగా ఉంది. నన్నూ శ్రావణినీ లోపల చాప మీద కూర్చోబెట్టి నీళ్ళు తెచ్చింది. మేం ముగ్గురం వెళ్ళాం. ఆవిడ తెచ్చినవి రెండే చెంబులు.

మాస్టారు అరుగు మీద కూర్చుని చూరు నుంచి రాలే నీళ్ళని చూస్తున్నారు. తర్వాత ఆవిడ మాకు రాగిపిండితో కాసిన చోడి అంబలి పోసింది. గుమ్మం బయట నేల తుడిచి, ఒక ఆకు పరిచి, అందులో అన్నం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వచ్చేసింది. మాస్టారు అరుగు దిగి ఆ ఆకు ముందు కూర్చుని తిన్నారు. ఆవిడ ఆయనతో ఒక్క మాట కూడా నేరుగా ఆడలేదు. మాతో మాట్లాడుతూ ఆయన్ని "కిందూరి బాబు" అంది. మా మధ్య ఒక మనిషి ఉన్నాడు. అందరూ ఆయన కోసమే పనులు చేస్తున్నారు. కానీ ఎవరూ ఆయన్ని చూడటం లేదు.

అన్నం తిన్నాక ఆయన మమ్మల్ని ఊరి చివరికి తీసుకెళ్ళారు. అక్కగారూ వచ్చింది. అక్కడ రాళ్ళు నిలబడి ఉన్నాయి. కొన్ని మోకాలెత్తు, కొన్ని నడుమెత్తు. అన్నీ నాచు పట్టి నల్లగా ఉన్నాయి. మాస్టారు ఒకదాని దగ్గర ఆగి, కాలేజీలో కొత్తవాళ్ళని పరిచయం చేసినట్టు, "ఇది నేనమ్మా" అన్నారు.

శ్రావణి చెయ్యి చాపింది. "ముట్టకు గుంటా" అంది అక్కగారు. గట్టిగా కాదు, పొయ్యి దగ్గర పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

నేను ధైర్యం చేసి అడిగాను. "అంత బేగి ఎందుకు పెట్టేశారమ్మా? ఇంకొన్నాళ్ళు చూడాల్సింది."

"మాయమ్మ సూడలేదేటి? ఆడు కల్లోకి వచ్చీవోడు. తడిబట్టల్తోటి గుమ్మం బైట నిలబడి నిప్పు అడిగీవోడు. మనం ఎదురు సూత్తంటే ఆడు ఇటూ రాలేడు, అటూ పోలేడు. అందుకని దిసారిని పిలిసినాం." దిసారి అంటే వాళ్ళ ఊరి పూజలు చేసేవాడు.

"పిలిస్తే?"

"వచ్చినాడు. దిసారి ఒంటి మీదికి వచ్చి సలి, సలి అన్నాడు. మంచి ఎండ. మాకు సెమటలు. ఆడు వణికిపోతన్నాడు. నిప్పు ఏసినాం. మాయమ్మ అన్నం పెట్టింది. తిన్నాడు. తిని రాయిలో కూకున్నాడు."

"కానీ ఆ తర్వాత ఈయన తిరిగొచ్చారు కదమ్మా!"

"వచ్చినాడు. మా తమ్ముడే. కాదంటే కళ్ళు పోతాయి. మరైతే ఆ రాయిలో కూకున్నది ఎవరు? అన్నం తిన్నది ఎవరు? ఆణ్ణి లెగిసి పొమ్మనమంటావేటి?"

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన ఎప్పటిలాగే నవ్వుతారనుకున్నాను. ఆయన ఎదుటి కొండని చూస్తున్నారు. లోయలోంచి మంచు లేచి రాళ్ళ మధ్యకి వస్తోంది. కాసేపటికి రాళ్ళ అడుగులు కనపడటం మానేశాయి. అవి నేలని వదిలి నిలబడినట్టున్నాయి. మనుషులు గుంపుగా వచ్చి ఆగినట్టున్నాయి. మనసులో నరసింహ నామం అనుకుంటూ మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను.

తిరుగు దారిలో జీపులో శ్రావణి అడిగింది. "సార్, వాళ్ళు రాయి పెట్టినప్పుడు మీరెక్కడున్నారు?"

"ఆ ఏడాది ఆసుపత్రిలో పడ్డాను. జ్వరం. చాలా రోజులు తెలివి లేదన్నారు. లేచాక చలి ఒక్కటే గుర్తుంది."

"అది ఏ నెల? ఇక్కడ రాయి పెట్టింది ఏ నెల?"

"మా దిసారిని అడిగితే ఏ మాసం, ఏ తిథి అన్నీ చెబుతాడు. నా జ్వరం ఎప్పుడో నాకు తెలుసు. కలిపి చూడటం ఎంతసేపు? నేను చూడలేదు."

"ఎందుకు సార్? ఏదైనా కొలిచి చూడమని మీరే కదా చెబుతారు!"

"కలిసిందనుకో, రేపటి నుంచి నేను క్లాసులో ఏం చెప్పాలి? కలవలేదనుకో, మా అమ్మ ఆ రోజు ఎవరికి అన్నం పెట్టినట్టు?" అన్నారు. "ఒక్కటి కొలవకుండా వదిలేశానమ్మా. ఆ ఒక్కటీ నాకు వదిలెయ్యి."

జీపు మలుపులు దిగుతోంది. ఆయన నా వైపు తిరిగారు.

"అమ్మా, మిమ్మల్ని ఒకటడుగుతాను. శ్రావణి వెళ్ళిందనుకోండి. వెళ్ళాక మాట్లాడటం మానేసింది. ఏం చేస్తారు?"

"మానెయ్యడమేమిటి మాస్టారూ, ఫోన్లున్నాయి కదా! ముఖం చూస్తూ మాట్లాడుకోవచ్చు."

"ఫోన్లుంటాయి. చదువు బాగా తలకెక్కినప్పుడు మనిషికి మాట రాదు. అస్సలు తలకెక్కనప్పుడూ మాట రాదు. నేను రెండూ పడ్డాను. ఎంత ఫోనున్నా పలకని రోజులొస్తాయి. ఏం చేస్తారు?"

"దేవుడికి మొక్కుకుంటాను."

"మొక్కుకున్నారు. ఇంకా పలకలేదు."

"తెలిసినవాళ్ళెవరినైనా కనుక్కోమంటాను."

"బాగానే ఉందన్నారు. అయినా మీతో మాట్లాడదు. తర్వాత?"

ఆయన నా ముఖం చూసి మెత్తబడ్డారు.

"మా అమ్మ తప్పేమీ లేదమ్మా. ప్రేమ లేక పెట్టిన రాయి కాదది. అన్నిటికీ యూనిట్లున్నాయి. ఎదురుచూపుకే లేవు. ఎంతవరకు చూడాలో, ఎలా చూడాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పి వెళ్ళలేదు. వెళ్ళేవాళ్ళకి అందరం చెబుతాం, కోటు కొనుక్కో, టైముకి తిను అని. ఉండేవాళ్ళకి ఎవరు చెబుతారు?" అన్నారు. ఆ తర్వాత, "మీరు నాకు జవాబు చెప్పండి. చెప్పిన రోజు నేను మీ అమ్మాయికి జవాబు చెబుతాను" అన్నారు.

శ్రావణి నావైపు చూసింది. అప్పటినుంచి మా ఇంట్లో ప్రశ్న దానిది కాకుండా పోయింది. నాదైంది. పప్పు కడుగుతున్నా, విష్ణు సహస్రనామం చదువుతున్నా అదే. జర్మనీ వాళ్ళు జవాబు చెప్పమన్న గడువు దగ్గరపడుతోంది. శుక్రవారం సంతకి మాస్టారు వస్తారు, అప్పటికి ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. గురువారం ఉదయం పాలావిడ వచ్చింది.

నేను వెళ్ళేసరికి ఆయన కుర్చీలోనే ఉన్నారు. కిటికీ తెరిచి ఉంది. గదిలోకి మంచు వచ్చి గోడలు చెమ్మగిల్లాయి. ఒంటి మీద కోటుంది. రష్యా నుంచి తెచ్చుకున్న ఆ పాత కోటు ఆయన వేసుకోగా అన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. మన వానాకాలానికి అంత కోటు అక్కర్లేదు. మెడదాకా గుండీలు పెట్టుకుని ఉన్నారు.

అక్కగారి దగ్గర నుంచి కబురొచ్చింది, పైకి తీసుకురమ్మని. పాత విద్యార్థులు జీపు మాట్లాడారు. నేనూ శ్రావణీ వెళ్ళాం. మా ఆయన కొట్టు మూసేసి రోడ్డు మీద నిలబడి దణ్ణం పెట్టాడు. "ఇంక నన్ను యూనిట్లు అడిగీవోడు లేడే" అన్నాడు. ఎప్పుడూ కళ్ళనీళ్ళు పెట్టుకోని మనిషి కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు వెతుక్కున్నాడు.

పైన ఊరి పెద్ద మమ్మల్ని రాళ్ళకి ఇవతలే ఆపాడు. పూడ్చి మట్టి చెయ్యడానికి ఒప్పుకున్నారు. నీడని పిలవడానికి, రాయి పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు.

"రాయి ఉంది బాబూ. ఒక మనిసికి రెండు రాళ్ళుండవు. రెండోది పెడితే రెండోవోడు ఎవుడని అడుగుతాది కొండ. ఆ రాయిలోకి ఎవుడో ఒకడు ఎల్లాలి" అన్నాడు.

పట్నం చదువు చదివిన ఒక విద్యార్థి కోపంగా ఏదో అనబోయాడు. అక్కగారు చెయ్యెత్తి ఆపింది. "వద్దు. పెద్ద సెప్పింది నిజమే. రాయి వద్దు" అంది.

మట్టి చేశాం. నేను తెచ్చిన తులసి ఆకులు వేస్తే ఎవరూ కాదనలేదు. అందరూ చేతులు కడుక్కుని ఇళ్ళ వైపు తిరిగారు. అక్కగారు తిరగలేదు. లోయ కనపడే అంచు దాకా నడిచి వెళ్ళి నిలబడింది. పెద్ద వెనకనుంచి, "ఏటి సేత్తన్నావు? బేగి రా" అన్నాడు.

"పోనోల్ల పేరు పలక్కూడదు. నిన్నటిదాక బతికున్నోడి పేరు పలకొచ్చు. ఓపాలి పిలుత్తాను" అంది.

పిలిచింది.

అన్నేళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరూ పలకని పేరు. పెద్ద గొంతు. చిన్నప్పుడు పశువుల వెనకపోయిన తమ్ముణ్ణి అన్నానికి పిలిచినట్టు, చివర సాగదీసి పిలిచింది. ఊరి పెద్ద రెండు చెవులూ మూసుకున్నాడు. ఇళ్ళలో ఎక్కడో కుక్క మూలిగింది. ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. అది పలికే హక్కు ఆవిడది.

ఎదుటి కొండ చాలా దగ్గర. అక్కడ చిన్నగా దగ్గినా తిరిగి వినపడుతుంది. మేం మాస్టారితో వచ్చినప్పుడు శ్రావణి చప్పట్లు కొట్టి చూసింది కూడా. ఈసారి ఏమీ తిరిగి రాలేదు. పేరు మంచులోకి వెళ్ళింది, అంతే. శ్రావణి "మంచు ఎక్కువుంటే..." అని చెప్పబోయి ఆగిపోయింది.

ఆవిడ ఏడవలేదు. రెండోసారి పిలవలేదు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఏ తొందరా లేదు. జవాబు వస్తుందని గాని, రాదని గాని ఆవిడ ముఖంలో ఏమీ లేదు. వింటోంది. ఇలా విని ఉంటే చాలని ఆవిడకి ఎప్పుడు తెలిసిందో! ఆవిడని చూస్తుంటే, జీపులో మాస్టారు అడిగిన ప్రశ్న మళ్ళీ ఎవరో అడిగినట్టయింది. ఈసారి నా నోట జవాబు ఉంది.

"నువ్వు పలక్కపోతే నేను వింటూ ఉంటాను" అన్నాను శ్రావణితో.

"ఎన్నాళ్ళమ్మా?"

"అది నేను లెక్కపెట్టను. నీ గురించి ఏ నిర్ణయానికీ రాను. నీ పేరు పలకడం మానను. వింటూ ఉంటాను."

అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చల్లటి చెయ్యి. మాస్టారు తన జవాబు చెప్పడానికి లేరు. అయినా ఇద్దరికీ వినపడినట్టే అనిపించింది. అక్కడ సిగ్నలు లేదు. కింద రెండో మలుపులో శ్రావణి జీపు ఆపించి, వస్తున్నానని జర్మనీ వాళ్ళకి రాసి పంపింది. పంపాక ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. దాని తల నిమురుతూ కిటికీలోంచి పైకి చూశాను.

మంచు ఒక్క క్షణం విడిపోయింది. కొండ అంచున ఆవిడ ఇంకా అలాగే ఉంది. ఊరివాళ్ళంతా వెళ్ళిపోయారు. వెనక రాళ్ళు కనపడటం లేదు. మంచు ఆవిడ నడుము దాకా వచ్చింది. చెవి వెనక చెయ్యి తియ్యలేదు. జీపు కదులుతుండగా ఆవిడ తల మెల్లగా ఒక పక్కకి తిప్పింది, ఏదో వినపడిన వైపుకి.